పదిమందిలో ఒకరు: పూజారి లేని సమాజమందిరంలో పెద్దరికం ఎవరిది?

కొచ్చిలోని మట్టాంచేరికి వెళ్లినవాళ్లు 1568లో కట్టిన పరదేశి సినగాగ్‌ను చూడకుండా రారు. నేల మీద పరిచిన నీలి రంగు చైనా పలకలు, పైనుంచి వేలాడే గాజు దీపాలు, బయట గడియారపు గోపురం అందరి కళ్లనూ కట్టేస్తాయి. లోపలి మందిరానికి ముందున్న వసారా దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. ఆగి చూడాల్సింది అక్కడే. ఆ సంఘంలోనే పుట్టి, ఆ దేవుడినే కొలిచి, ఆ హీబ్రూ ప్రార్థనలే నోటికి నేర్చిన కొన్ని కుటుంబాలను తరతరాలుగా అక్కడే కింద కూర్చోబెట్టారు. లోపలి బల్లల మీద వాళ్లకు చోటు లేదు. ధర్మశాస్త్రం చదవడానికి వాళ్ల పేరు పిలిచేవారు కాదు. కారణం ఒక్కటే: వాళ్ల పూర్వీకులు బానిసలని.

ఆ గీత గీసింది ఎవరు? మన అనుభవం ప్రకారం అయితే పూజారులనేస్తాం. కానీ అక్కడ పూజారులే లేరు. కేరళ యూదు సంఘాలను పట్టా పొందిన రబ్బీలు స్థిరంగా ఉండి నడిపిన సంప్రదాయం కూడా లేదు. ప్రార్థన నడిపించింది, లెక్కలు చూసింది, ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పింది జీతం తీసుకోని మామూలు సంఘపెద్దలు. పూజారి పోతే సమానత్వం దానంతటదే వస్తుందనుకునేవాళ్లు, అంటే మనలో చాలామందిమి, ఈ కథ తెలుసుకోవాలి.

సమాజమందిరం అంటే ఏమిటి

సినగాగ్ అనే మాట కొత్తగా అనిపించినా విషయం మనకు పాతదే. తెలుగు బైబిల్‌లో దీన్నే సమాజమందిరం అన్నారు. మాల మాదిగ పల్లెల్లో ఆదివారం బడికి వెళ్లిన పిల్లలందరికీ ఈ మాట తెలుసు. లూకా సువార్త 4వ అధ్యాయంలో నజరేతు సమాజమందిరపు దృశ్యం గుర్తు తెచ్చుకోండి. ఒక వడ్రంగి కొడుకు లేచి నిలబడతాడు. పరిచారకుడు గ్రంథపు చుట్ట చేతికిస్తాడు. అతను చదివి, తిరిగి ఇచ్చి, కూర్చుని మాట్లాడతాడు. అతను యాజకుడు కాదు, లేవీయుడూ కాదు. అయినా చదవడానికి నీకేం అధికారం ఉందని అక్కడ ఎవరూ అడగలేదు. వివాదం అతను చెప్పిన మాటల మీదే వచ్చింది. సమాజమందిరానికీ గుడికీ ఉన్న తేడా ఈ ఒక్క దృశ్యంలో ఉంది.

యెరూషలేములో దేవాలయం ఉన్నంతకాలం బలులు అర్పించే హక్కు యాజక వంశానిదే. అది పుట్టుకతో వచ్చే హక్కు. క్రీ.శ. 70లో రోమన్ సైన్యం ఆ దేవాలయాన్ని నేలమట్టం చేసింది. బలిపీఠంతో పాటే యాజకుడి పనీ పోయింది. అంతకుముందే అక్కడక్కడా ఉన్న సమాజమందిరాలు ఇక యూదుల మత జీవితానికి కేంద్రమయ్యాయి. బలి స్థానంలోకి ప్రార్థన, చదువు వచ్చాయి. వీటికి వంశంతో పని లేదు.

రబ్బీని చాలామంది పూజారి అనుకుంటారు. రబ్బీ అంటే గురువు, ధర్మశాస్త్రం చదివి తీర్పు చెప్పగలిగినవాడు. దేవుడికీ మనిషికీ మధ్యవర్తి కాదు. రబ్బీ లేకపోయినా ప్రార్థన ఆగదు. పదిమంది లేకపోతే మాత్రం కొన్ని ముఖ్యమైన ప్రార్థనలు ఆగిపోతాయి. ఈ పదిమంది కోరాన్ని మిన్యాన్ అంటారు. సంప్రదాయం ప్రకారం పదమూడేళ్లు నిండిన పదిమంది మగవాళ్లు ఉండాలి. తొమ్మిదిమంది రబ్బీలు కూర్చున్నా మిన్యాన్ కాదు. పదిమంది చెప్పులు కుట్టేవాళ్లు కూర్చుంటే అవుతుంది.

జీతం లేని పనులు, వాటి పేర్లు

ప్రార్థన నడిపించే మనిషిని హీబ్రూలో ‘షలియాహ్ త్సిబ్బూర్’ అంటారు. సంఘం పంపిన దూత అని అర్థం. అతను సంఘానికి పైవాడు కాదు, దాని తరఫున నిలబడినవాడు. పాఠం, రాగం తెలిసి, నలుగురిలో మంచిపేరు ఉన్నవాళ్లు ఎవరైనా ఆ పని చేయొచ్చు. సంఘ వ్యవహారాలు, డబ్బు, బీదసాదల సాయం చూసే పెద్దను ‘పర్నాస్’ అంటారు. మందిరం శుభ్రం, దీపాలు, తాళాలు చూసేవాడు ‘షమాష్’. ఆరాధన క్రమం నడిపించేవాడు ‘గబ్బై’. ధర్మశాస్త్రం చదివేటప్పుడు ఎవరి పేరు పిలవాలో చూసుకునేది గబ్బైయే.

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ కాదు. ధర్మశాస్త్రపు చుట్టను వారంలో మూడు రోజులు బయటికి తీసి చదువుతారు. సోమ, గురువారాలు పూర్వం సంత రోజులని చెబుతారు. ఆ రోజుల్లో ముగ్గురిని పిలుస్తారు. శనివారం విశ్రాంతిదినం కాబట్టి ఏడుగురిని పిలుస్తారు. పేరు పిలిస్తే లేచి, అందరి ముందు నడిచి, వేదిక ఎక్కి నిలబడటం పెద్ద గౌరవం. పేరు పిలవకపోతే ఎన్నేళ్లు వచ్చి కూర్చున్నా నువ్వు చూసేవాడివే. జీతం లేని గబ్బై చేతిలో ఉన్న అధికారం ఇదే.

శవాన్ని ఎవరు కడుగుతారు

తెలుగు ఊళ్లలో చావు పనులు ఎవరి మీద పడ్డాయో మనకు చెప్పక్కర్లేదు. చావు కబురు మోయడం, డప్పు కొట్టడం, కాటి పని, చచ్చిన పశువును ఈడ్చడం అన్నీ పుట్టుకను బట్టి మాల మాదిగలకు అప్పగించారు. ఆ పని చేయించుకుని, చేసినందుకే అంటరానివాళ్లన్నారు.

యూదు సంఘాల్లో ‘హెవ్రా కదీషా’ అనే బృందం ఉంటుంది. పవిత్ర సంఘం అని దాని అర్థం. ఎవరైనా చనిపోతే ఈ బృందం వాళ్లే శవానికి స్నానం చేయించి, తెల్లటి సాదా నార బట్టలు తొడిగి, సమాధికి సిద్ధం చేస్తారు. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు చేస్తారు. ఇందులో చేరడానికి డాక్టర్లు, వ్యాపారులు, పండితులు ముందుకొస్తారు. ప్రాగ్ నగరంలోని ఇలాంటి బృందం 1564 నుంచి ఉంది. దాని సభ్యులు తాము శవసంస్కారం చేస్తుండగా బొమ్మలు గీయించుకుని గోడకు వేలాడదీసుకున్నారు. ఇది దాచుకునే పని కాదు, చెప్పుకునే పని. చనిపోయినవాడు తిరిగి మేలు చేయలేడు కాబట్టి ఇదే అసలైన దయ అని వాళ్ల నమ్మకం. ధనికుడైనా బీదవాడైనా ఒకే రకం బట్టలు.

అలాగని యూదు మతంలో మైల లేదని చెప్పడం తప్పు. శవం తాకితే మైల అన్న భావన అక్కడా ఉంది. యాజక వంశం వాళ్లు, అంటే కోహెన్‌లు, దగ్గరి బంధువులు పోతే తప్ప శవం దగ్గరికి వెళ్లకూడదు. శనివారం ధర్మశాస్త్రం చదవడానికి మొదటి పిలుపు కూడా కోహెన్‌దే. పుట్టుక తెచ్చిన పాత హోదా ఇంకా కొంత మిగిలే ఉంది. అయితే ఒక తేడా గమనించాలి. అక్కడ పుట్టుకను బట్టి ఒకరికి మినహాయింపు ఉంది, పుట్టుకను బట్టి ఇంకొకరికి అప్పగింత లేదు. మైల భావన ఉన్నంత మాత్రాన అంటరానితనం పుట్టదు. ఆ పనిని ఒక కులం నెత్తిన వంశపారంపర్యంగా రుద్దినప్పుడే పుడుతుంది.

కొచ్చికి వచ్చేసరికి

ఇంత వెసులుబాటు ఉన్న పద్ధతి కేరళలో ఏమైంది? అక్కడ ఎనిమిది యూదు సంఘాలు, వాటికి ఎనిమిది సమాజమందిరాలు ఉండేవి. మలబారీ యూదులు ఎన్నో వందల ఏళ్లుగా అక్కడ స్థిరపడినవాళ్లు. పదహారో శతాబ్దంలో స్పెయిన్, పోర్చుగల్‌ల నుంచి తరిమేయబడినవాళ్లు, సిరియా, ఇరాక్ వైపు నుంచి వచ్చినవాళ్లు పరదేశి సంఘంగా ఏర్పడ్డారు. కొచ్చి రాజు మందిరానికి తన కోవెల పక్కనే స్థలమిచ్చాడు. యూదుల పెద్దకు ముదలియార్ అనే హోదా కూడా రాజదర్బారు నుంచే వచ్చేది.

పరదేశీలు తమను తెల్ల యూదులన్నారు, మలబారీలను నల్ల యూదులన్నారు. వాళ్లతో పెళ్లి సంబంధాలు కలుపుకోలేదు. పరదేశి సంఘం లోపలే ఇంకో మెట్టు ఉంది. బానిసత్వం నుంచి విడుదలై యూదులుగా జీవిస్తున్నవాళ్లనూ వాళ్ల వారసులనూ ‘మెషుహ్రరీం’ అన్నారు. విడుదల పొందినవాళ్లు అని ఆ మాటకు అర్థం. ఆ విడుదల పేరులోనే మిగిలింది. వాళ్లకు బల్లల మీద చోటు, ధర్మశాస్త్రం చదివే పిలుపు, పరదేశీలతో పెళ్లి, వాళ్ల శ్మశానంలో సమాధి ఏవీ లేవు.

ఇది ధర్మశాస్త్రం చెప్పినట్టు జరిగిందా? కాదు. పదహారో శతాబ్దంలోనే ఈ తగాదా కైరోలో ఉన్న డేవిడ్ ఇబ్న్ జిమ్రా అనే పెద్ద రబ్బీ దగ్గరికి చేరింది. వంశం గలవాళ్లమని చెప్పుకునే కొందరు మిగతావాళ్లను బానిసలని పిలుస్తూ సంబంధాలు కలుపుకోవడం లేదని ఆయనకు రాశారు. పద్ధతి ప్రకారం మతంలో చేరి విడుదల పొందినవాళ్లు పూర్తి యూదులేనని, పెళ్లికి అడ్డు లేదని ఆయన తీర్పు చెప్పారు. తర్వాత అలెగ్జాండ్రియాకు చెందిన రబ్బీ ఒకరు కూడా అదే మాట అన్నారు. కొచ్చి పెద్దలు ఆ తీర్పులను అమలు చేయలేదు. పుస్తకం ఒకటి చెప్పింది, పక్క వీధిలోని కులం ఇంకొకటి చెప్పింది. పెద్దలు పక్క వీధి మాటే విన్నారు.

పందొమ్మిదో శతాబ్దం నడుమ మెషుహ్రరీం తమ దారి తాము చూసుకోవాలనుకున్నారు. ఫోర్ట్ కొచ్చిలో వేరే ప్రార్థనాస్థలం పెట్టుకున్నారు. అది ఎక్కువ కాలం నిలవలేదు. మళ్లీ పరదేశి వసారాలోకే రావాల్సి వచ్చింది.

సేలం వకీలు సత్యాగ్రహం

ఆ కుటుంబాల నుంచే అబ్రహం బరాక్ సేలం 1882లో పుట్టారు. న్యాయశాస్త్రం చదివి వకీలయ్యారు. కొచ్చి శాసనమండలిలో సభ్యుడిగా పనిచేశారు. 1929లో సంపూర్ణ స్వరాజ్య తీర్మానం చేసిన లాహోర్ కాంగ్రెస్‌కు హాజరయ్యారు. జనం ఆయన్ను యూదు గాంధీ అన్నారు. శాసనసభలో లేచి మాట్లాడగలిగిన మనిషికి సొంత సమాజమందిరంలో కూర్చోవడానికి బల్ల లేదు.

చుట్టూ ఏం జరుగుతోందో ఆయనకు తెలుసు. 1924–25లో వైకం సత్యాగ్రహం గుడి చుట్టూ ఉన్న దారుల కోసం జరిగింది. 1930లో నాసిక్‌లో అంబేడ్కర్ నాయకత్వంలో కాలారామ్ మందిర ప్రవేశ పోరాటం మొదలైంది. 1931–32లో గురువాయూర్ సత్యాగ్రహం నడిచింది. సేలం అదే పద్ధతిని సమాజమందిరంలోకి తెచ్చారు. కొంతకాలం మందిరాన్ని బహిష్కరించారు. తర్వాత కొడుకులను వెంటబెట్టుకుని వచ్చి, కూర్చోవద్దన్న చోట కూర్చున్నారు. నిరాహారదీక్షకు కూడా ఆలోచన చేశారు.

గెలుపు ఒక్కసారి రాలేదు. ముందు వెనక వరస బల్లల మీద కూర్చోనిచ్చారు. తర్వాత ధర్మశాస్త్రం చదవడానికి పిలిచారు, అదీ శనివారం కాదు, జనం తక్కువగా ఉండే సోమ, గురువారాల్లో. 1940ల తొలి సంవత్సరాలకు పరిస్థితి ఇంతవరకు వచ్చింది. 1950లో సేలం కొడుకు ఒక తెల్ల యూదు కుటుంబపు అమ్మాయిని పెళ్లాడారు. ఆ పెళ్లి కొచ్చిలో జరగలేదు, బొంబాయిలో జరిగింది. సేలం 1967లో చనిపోయారు.

మంచివాళ్లే, కానీ గీత చెరపలేదు

ఆ పెద్దలు దుర్మార్గులని చెబితే కథ తేలికైపోతుంది. వాళ్లు సొంత డబ్బుతో మందిరానికి మరమ్మతులు చేయించినవాళ్లు. పండుగలకు అందరికీ భోజనాలు పెట్టినవాళ్లు. పైసా తీసుకోకుండా రోజూ ప్రార్థన నడిపించినవాళ్లు. చిక్కు అక్కడే ఉంది.

మొదటిది, జీతం లేని పెద్దరికం తీరిక ఉన్నవాళ్లకే దక్కుతుంది. కూలికి పోయేవాడు సోమవారం పొద్దున మందిరానికి వచ్చి లెక్కలు చూడలేడు. అందుకే స్వచ్ఛంద సేవ చేసే అవకాశం కొన్ని కుటుంబాల చేతిలోనే తిరుగుతుంది. రెండోది, ఊరికే చేస్తున్నవాడిని నిలదీయడం కష్టం. జీతగాడినైతే పనెందుకు చేయలేదని అడగొచ్చు. సేవ చేస్తున్న పెద్దమనిషిని అడిగితే, ఇంత చేసినా కృతజ్ఞత లేదంటారు. మూడోది, రాసుకున్న నియమం లేనిచోట ఆనవాయితీయే చట్టం. ఆనవాయితీ ఎప్పుడూ ముందు నుంచి కూర్చున్నవాడి పక్షమే.

ఇది కొచ్చికే పరిమితమైన రోగం కాదు. ఎన్నో దేశాల్లో ధర్మశాస్త్రం చదివే పిలుపును విరాళం ఎక్కువ ఇచ్చినవాళ్లకు వేలం వేసిన ఆచారం ఉంది. మరో పెద్ద సంగతి ఆడవాళ్లది. సంప్రదాయ సమాజమందిరాల్లో ఆడవాళ్లను ఇప్పటికీ పదిమంది లెక్కలో కలపరు. అమెరికాలో కన్సర్వేటివ్ శాఖవాళ్లు 1973లో గానీ ఆడవాళ్లను ఆ లెక్కలో చేర్చడానికి ఒప్పుకోలేదు. అంతకు ముందు ఏడాది, 1972లో, సంస్కరణవాద శాఖలో సాలీ ప్రీసాండ్ అమెరికాలో తొలి మహిళా రబ్బీ అయ్యారు. కేరళ యూదు స్త్రీలు మలయాళంలో వందల పాటలు కట్టుకుని, నోటు పుస్తకాల్లో రాసుకుని, కూతుళ్లకు అందించారు. అంత జ్ఞానం ఉన్నా కోరం లెక్కలో వాళ్లు లేరు.

కాబట్టి పూజారి ఉన్నాడా లేడా అన్నదాని కంటే, పదిమందిలో ఎవరిని లెక్కపెడతారు, ఆ లెక్క ఎవరి చేతిలో ఉంది అన్నదే అసలు ప్రశ్న.

కొత్తరెడ్డిపాలెం పిలుపు

ఈ ప్రశ్న తెలుగు నేల మీద కూడా ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో మాదిగ కుటుంబాలు కొన్ని యూదులుగా జీవిస్తున్నాయి. వాళ్లు తమను బెనె ఎఫ్రాయిం, అంటే ఎఫ్రాయిం సంతతి అంటారు. అంతకు ముందు క్రైస్తవ బోధకులుగా ఉన్న షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ముల చొరవతో 1980ల చివర, 1990ల మొదట్లో ఈ సంఘం రూపుదిద్దుకుంది. చిన్న సమాజమందిరం కట్టుకున్నారు. వాళ్ల దగ్గర స్థిరంగా ఉండే రబ్బీ లేడు. ప్రార్థన నడిపించేది, పిల్లలకు హీబ్రూ అక్షరాలు చెప్పేది ఆ వాడవాళ్లే. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీళ్ల మధ్య పరిశోధన చేసి 2013లో పుస్తకం తెచ్చారు. మాదిగ దండోరా ఉద్యమకాలపు ఆత్మగౌరవ వెతుకులాటతో కలిపి చూస్తేనే ఈ సంఘం అర్థమవుతుందని ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది.

ఇక్కడ లెక్క తిరగబడింది. మట్టాంచేరిలో పెద్దలు దళితుల్లాంటి స్థితిలో ఉన్నవాళ్లను లెక్కలోంచి తీసేశారు. కొత్తరెడ్డిపాలెంలో దళితులే పెద్దలై తమ పదిమందిని తామే లెక్కపెట్టుకున్నారు. ఎవరి అనుమతీ అడగలేదు. వాడలో ప్రార్థనకు ఆ లెక్క సరిపోతుంది, వాడ దాటితే చాలదు. యూదులుగా వాళ్ల గుర్తింపు బయటి రబ్బీల చేతిలో, ఇజ్రాయెల్ ప్రభుత్వం చేతిలో ఉంది. ఆ గుర్తింపు ఇంకా రాలేదు. ఇటు మన రాజ్యాంగ ఉత్తర్వు ఇంకో లెక్క చెబుతుంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు బయటే ఉన్నారు. యూదు మతం పేరూ ఆ జాబితాలో లేదు. అంటే కాగితం మీద యూదుడినని రాసుకున్న మాదిగ ఎస్సీగా లెక్కలోకి రాడు. విశ్రాంతిదినం పాటించాలంటే శనివారం కూలి పోతుంది. తీరిక లేనివాళ్ల పెద్దరికం ఎంత ఖరీదైనదో అక్కడ కనిపిస్తుంది.

మన సంఘాలకు

ఇదంతా చదివి యూదులను పొగడటానికో తిట్టడానికో దిగనవసరం లేదు. చూసుకోవాల్సింది మన పద్ధతులను. మన అంబేడ్కర్ సంఘాల్లో, చర్చి కమిటీల్లో, విద్యార్థి సంఘాల్లో జీతం తీసుకోకుండా పనిచేసేవాళ్లే పెద్దలు. ఆ త్యాగం నిజమైనది. దాంతో పాటు కొన్ని మాటలు సూటిగా అడగాలి. మీటింగు వేళ ఎవరికి కుదిరేట్టు పెడుతున్నాం? మైకు ముందుకు ఎవరి పేరు పిలుస్తున్నాం, ఎవరిని కుర్చీలు సర్దడానికే పిలుస్తున్నాం? ఉపకులాల వాళ్లు, ఆడవాళ్లు తీర్మానం మీద సంతకం చేసేవాళ్లలో ఉన్నారా, ఫొటోలో మాత్రమే ఉన్నారా? పదవీకాలం, లెక్కల తనిఖీ కాగితం మీద ఉన్నాయా, పెద్దమనిషి మంచితనం మీద వదిలేశామా?

మట్టాంచేరి కథకు చివర ఒకటి మిగిలింది. 1950ల నుంచి మొదలై కేరళ యూదుల్లో ఎక్కువమంది ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. పరదేశి సంఘంలో ఇప్పుడు మిగిలినవాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ అందమైన మందిరంలో ప్రార్థన జరగాలంటే బయటి నుంచి యూదు యాత్రికులు వచ్చి పదిమంది లెక్క నింపాలి. వచ్చినవాళ్ల తాత ముత్తాతలు ఎవరని ఇప్పుడు అక్కడ అడగడానికి ఎవరూ లేరు. లెక్కకు మనుషులు దొరికితే చాలు. ఒకప్పుడు ఆ లెక్కకు సరిపడా మనుషులు వసారాలోనే కూర్చుని ఉండేవారు.